తుఫాను తర్వాత సౌదా, ఆడబిడ్డల హిస్సా

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దాపులో తీరం దాటింది. ఇంకా కరెంటు కూడా రాలేదు, ఫోన్లలో ఒకటే మాట: "అక్కడ మకాన్ ఉంచుకుని ఏం ఫాయిదా భాయ్, వచ్చిన కాడికి అమ్మేద్దాం." నాకు తుఫాను కన్నా ఈ తొందరంటేనే ఎక్కువ ఖౌఫ్.

డెల్టాకు ఇది కొత్త కాదు. 1839లో కోరింగ రేవును ఉప్పెన ఊడ్చేసింది. 1996 నవంబరు 6 నాటి తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు, కోనసీమ కొబ్బరి తోటలు నేలకొరిగాయి. ఉప్పాడలో అయితే తుఫానుతో పనిలేదు, సముద్రం ఏళ్ళ తరబడి ఇళ్ళను కొరుక్కుతింటూనే ఉంది.

ఇలాంటి చోట కొనడానికి వచ్చినవాడు ముందు గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూస్తాడు. తర్వాత రోడ్డు, ఒడ్డు ఎంత దూరమో చూస్తాడు. జనం పల్చగా ఉన్న తీర గ్రామాల్లో పోటు రేఖకు 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు సీఆర్‌జెడ్ నిబంధనలు అడ్డమని అతనికీ తెలుసు. చివరగా కాగజాత్ అడుగుతాడు. మనవాళ్ళ బేరాలు చాలావరకు అక్కడే చెడతాయి.

ఎందుకంటే దస్తావేజు ఇంకా దాదా పేరునే ఉంటుంది. ఆయన ఇంతెఖాల్ అయి ముప్ఫై ఏళ్ళయినా తఖ్సీమ్ జరగదు. పెద్ద కొడుకు కువైట్ పైసలతో మీద డాబా వేసి ఉంటాడు. ఫూఫీలు ససురాళ్ళలో ఉంటారు. షరీయత్ ప్రకారం కొడుక్కి రెండు వంతులైతే కూతురికి ఒకటి, పిల్లలున్న బేవాకు మొత్తంలో ఎనిమిదో వంతు. వీళ్ళందరి దస్తఖత్‌లు లేని ఇంటిని ఎవడైనా కొన్నా, బాగా తగ్గించే అడుగుతాడు. తుఫాను తగ్గించిన ఖీమత్ అలా ఇంకోసారి తగ్గుతుంది. ఆ మిగిలిన కాస్తను పంచుకునేటప్పుడు ముందు మాయమయ్యేది ఆడబిడ్డల హిస్సాయే. "కూలిన కొంపలో హిస్సా ఏముంది ఆపా, ఒక సంతకం పెట్టేయ్" అంటారు. మైకా తలుపు మూసుకుపోతుందేమోనన్న భయంతో ఆమె పెట్టేస్తుంది. సూరె నిసాలో నిర్ణయమైన హఖ్‌ను అడిగితే, మెహర్బానీ అడిగినట్టు చూస్తాం!

పరాయి దేశంలో చెమటోడ్చి డాబా వేసినవాడి సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అతని ఖర్చు లెక్కకట్టి వేరుగా ఇవ్వండి. నేల మాత్రం వారసులందరిదీ.

కొందరు బుజుర్గులు "జబానీ హిబా చేసేశాం" అంటారు. ఐలాన్, ఖుబూల్, ఖబ్జా మూడూ ఉంటే అది చెల్లుతుంది. (తెలుగులో కబ్జా అంటే పక్కవాడి స్థలం కాజేయడం అయిపోయింది గానీ, ఇక్కడ ఇల్లు చేతికి అప్పగించడమని అర్థం.) రాసుకున్న హిబానామా రిజిస్టర్ కాకపోయినా చెల్లుతుందని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ గవాహీలు ఎల్లకాలం బతకరు కదా. బ్యాంకువాళ్ళు కాగజ్ అడుగుతారు, కొనేవాడూ అదే అడుగుతాడు. నా రాయ్ అడిగితే, ఇచ్చిన పెద్దలు బతికుండగానే రిజిస్టర్ చేయించుకోండి. ఖర్చు అవుతుంది, తర్వాత కోర్టుల చుట్టూ తిరిగే ఖర్చు అంతకన్నా ఎక్కువ.

బీమా విషయంలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది, మీ మౌలానాను అడగండి. తీసుకునేవాళ్ళు మాత్రం షరతులు చదవాలి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 'భారత్ గృహ రక్ష' పాలసీ తుఫాను, వరదల వల్ల కట్టడానికి జరిగిన నష్టానికి వర్తిస్తుంది. స్థలం ఖీమత్ అందులో రాదు. తీరం కోతవల్ల నేల కుంగితే అసలే వర్తించదు. అంటే అమలాపురంలో పైకప్పు లేచిపోయినవాడికి అక్కరకొస్తుంది, ఉప్పాడలో ఇంటి కింద ఇసుక జారిపోయినవాడికి రాదు.

అందుకే ఉప్పాడ ఒడ్డున ఉన్నవాళ్ళు అమ్ముకుంటామంటే నేను వద్దనను. కానీ ముందు తహసీల్దారు ఆఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ చేత అక్కడి ఎంబసీ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ రాయించి తెప్పించండి. అక్కచెల్లెళ్ళను పిలిచి కూర్చోబెట్టి, ఎవరి ఖాతాలో ఎంత పడాలో వాళ్ళ ముందే రాసుకోండి. బయానా ఆ తర్వాతే ముట్టుకోండి.