సంఘం సైటుకి బాసు ఎవరు?

అమెరికాలో ఫ్రంట్ ఎండ్ పని చేసుకుని బతుకుతున్న తెలుగువాళ్లం మేం తక్కువమందిమేం కాదు. ఎడిసన్‌లో, డాలస్‌లో, అట్లాంటాలో, ఫ్రీమాంట్‌లో పగలంతా బ్యాంకులకీ ఇన్సూరెన్స్ కంపెనీలకీ స్క్రీన్లు కడతాం. శని, ఆదివారాల్లో ఊళ్లో తెలుగు సంఘానికీ, గుడికీ, ఉగాది సంబరాలకీ ఊరికే వెబ్‌సైటు చేసిపెడతాం. ఈ రెండో పనిలో మేం వెలగబెట్టింది ఇప్పటికైనా చెప్పుకోవాలి. ఏ ఒక్కరో చేసింది కాదు, ఒకరి టెంప్లేటు చూసి ఇంకొకరం, ఏళ్ల తరబడి అందరం చేసింది.

తెలియక చేశామా అంటే అదీ కాదు. 2008లో వచ్చిన వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లోనే ఉంది: మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. ఎనభై ఏళ్ల వయసులో సాధారణంగా మిగిలే 20/40 చూపును దృష్టిలో పెట్టుకుని తేల్చిన అంకె అది. వెబ్‌సైటులో ఆర్డరు ఇవ్వలేకపోయిన అంధుడు వేసిన దావాలో డామినోస్ పిజ్జా అప్పీలును 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోనంది. అలాంటి కేసుల భయంతో క్లయింటు లీగల్ వాళ్లు అడిగితే ఆ 4.5 కోసం బూడిదరంగును #777 నుంచి #767676కి జరిపిన చేతులు మావే. తెలుపు మీద మొదటిది 4.48 దగ్గర తప్పుతుంది, రెండోది 4.54తో గట్టెక్కుతుంది. అంత పట్టింపు మాకు.

ఉగాది పేజీకి వచ్చేసరికి ఆ పట్టింపు ఏమైందో! రంగుల జోడీలు చూపే కూలర్స్ సైటులో స్పేస్‌బార్ నొక్కుతూ కూర్చుంటాం, నచ్చిన పసుపు దొరికేదాకా. కలర్ పికర్‌లో అచ్చ పసుపుకీ అచ్చ నీలానికీ లైట్‌నెస్ 50 శాతమనే చూపిస్తుంది. కన్ను ఆ లెక్క ఒప్పుకోదు. తెలుపు మీద ఆ నీలం 8.59 తెచ్చుకుంటే ఆ పసుపుకి దక్కేది 1.07. అంటే దాదాపు తెలుపు మీద తెలుపే. పండగ కళ అని దాన్నే పెట్టాం. తెలుగులో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక. రంగు పాలిపోతే ముందు కనపడకుండా పోయేది అదే, ఆ తర్వాత ఒత్తులు. ఆ పేజీ ఎక్కువ ఆసక్తిగా చదివేదెవరు? విజిటర్ వీసా మీద వచ్చి, ఆరు నెలలు పిల్లల ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చునే అమ్మానాన్నలు. యూటా స్టేట్ యూనివర్సిటీలోని వెబ్‌ఎయిమ్ వాళ్లు 2019 నుంచి ఏటా పది లక్షల హోంపేజీలు పరీక్షిస్తున్నారు. చాలని కాంట్రాస్ట్ ఇంచుమించు ఎనభై శాతం పేజీల్లో కనిపిస్తోంది. లోకమంతా ఇంతే కదా అనుకోవచ్చు. లోకంలో అందరూ మా అమ్మానాన్నల కోసం సైట్లు చేయడం లేదు.

కదలికల సంగతి ఇంకా ఘోరం. యానిమేషన్ లైబ్రరీ తగిలించడం, స్క్రోల్ చేసినప్పుడల్లా కమిటీ సభ్యుల ఫొటోలు పక్కల నుంచి ఎగిరొచ్చేలా చేయడం. లోపలి చెవి సమస్య ఉన్నవాళ్లకి ఇలాంటి కదలికతో తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టవుతుంది. 2013లో ఐఓఎస్ 7 వచ్చినప్పుడే ఈ ఫిర్యాదులు గట్టిగా వినిపించాయి. కదలిక తగ్గించమని ఫోన్‌లో పెట్టుకున్న సెట్టింగును వెబ్ పేజీ గమనించే వీలు సఫారీలో 2017లో, క్రోమ్‌లో 2019లో వచ్చింది. ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ అని నాలుగు లైన్ల సీఎస్ఎస్. ఆఫీసు కోడ్‌లో రాశాం. సంఘం సైటులో రాయలేదు, అడిగినవాడు లేడు గనక.

హెచ్1బి భయం, మేనేజరు ఒత్తిడి, డెడ్‌లైను అని సర్దిచెప్పుకోవడం మాకు అలవాటే. ఆఫీసు వరకు అందులో సగం నిజముంది. సంఘం సైటుకి బాసు ఎవరు? మేమే.

సిగ్గుపడాల్సింది మరొకటుంది, అది మా లిపి గురించి. శీర్షికలో అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి వాలే యానిమేషన్ మాకు మహా ఇష్టం. దానికోసం జావాస్క్రిప్ట్‌లో ఖాళీ కొటేషన్ గుర్తులతో స్ప్లిట్ చేసి, ఒక్కో ముక్కనీ విడి డబ్బాలో పెడతాం. ఇంగ్లీషుకి సరిపోతుంది. శ్రీ మాత్రం కంప్యూటరుకి నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. విడగొట్టగానే ఆసరా పోయిన పొల్లూ గుడిదీర్ఘమూ చుక్కల సున్నాల మీద వేలాడతాయి. అది చూసి మేం చేసిందేమిటి? శీర్షికను బొమ్మగా మార్చి అతికించాం. స్క్రీన్ రీడరు చదవడానికి ఆల్ట్ టెక్స్టయినా రాయలేదు. తెలుగు విరిగిపోతోందని లైబ్రరీ రాసినవాళ్లకి రెండు ముక్కలు రాసిన పాపాన పోలేదు. పిల్లల్ని మాత్రం ఆదివారం తెలుగు బడికి దింపి వచ్చాం.

2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కించే నియమం చేర్చింది. అక్షరాలను అలా ముక్కలు చేసిపెట్టే ఇంట్ల్ సెగ్మెంటర్ ఇప్పుడు పెద్ద బ్రౌజర్లన్నిట్లో ఉంది. మా టెంప్లేట్లు మాత్రం కమిటీ మారినప్పుడల్లా ఆ పాత స్ప్లిట్ లైనుతోనే చేతులు మారుతున్నాయి.