ఒకే మాత్ర, వేర్వేరు కాలేయాలు

క్షయకు మందులు వాడుతున్న ఇంట్లో మూత్రం ఎర్రబడగానే కామెర్లన్న కంగారు మొదలవుతుంది. విజయవాడ వీధుల్లోనైనా, దివిసీమ పల్లెల్లోనైనా మనలో చాలామంది చేసే పని ఒకటే: మాత్రలు మూలకు చేరతాయి, నేల ఉసిరి పసరు ఇంటికి వస్తుంది. మాత్ర మింగిన కొన్ని గంటలకే కనిపించే ఆ నారింజ రంగు రిఫాంపిసిన్‌ది. దానివల్ల హాని లేదు.

భయపడవలసిన సంగతి వేరు. ఐసోనియాజిడ్ మందును మన కాలేయంలోని ఎన్.ఎ.టి.2 అనే ఎంజైమ్ మార్చి, బయటికి పంపడానికి సిద్ధం చేస్తుంది. దాని వేగం పుట్టుకతో వచ్చేది. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ పరిశోధన కేంద్రం దక్షిణ భారత రోగులను పరీక్షించగా, సగానికి పైగా మందకొడి ఎంజైమ్ గలవారేనని తేలింది. అటువంటివారిలో హైడ్రజీన్ వంటి విషపదార్థం పేరుకుని కాలేయం దెబ్బతినే అవకాశం ఎక్కువ. తోడుగా వాడే పైరజినమైడ్ ఆ భారాన్ని ఇంకా పెంచుతుంది. అందుకే ఒకే కంచంలో తిని, ఒకే మోతాదు మింగిన అన్నదమ్ములలో ఒకరు కోలుకుంటే మరొకరు మంచం పట్టవచ్చు. ఇందులో రోగి చేసిన తప్పేమీ లేదు.

ఆకలి చచ్చి, వాంతులై, మూత్రం రంగు ముదిరి, కళ్ళు పచ్చబడితే తదుపరి మాత్ర మింగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ లక్షణాలతోపాటు రక్తంలో ఎ.ఎల్.టి. సాధారణ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు మించితే, లక్షణాలు లేకున్నా ఐదు రెట్లు మించితే, వైద్యులు కాలేయానికి హాని చేసే మందులను ఆపుతారు; కాలేయం తేరుకున్నాక ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెడతారు. పసరు తాగుతూ ఇంట్లోనే ఉండిపోయిన రోగికి ఆ అవకాశం దక్కదు, లోపల క్షయ పెరుగుతూనే ఉంటుంది. వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ తీసుకెళ్ళండి. పసరు తాగి ఉంటే ఆ సంగతీ దాచకుండా చెప్పండి.