వంటయింటి నీరు, వడపోత యంత్రము



వంటయింటికి ఏ వస్తువు కొనవలసివచ్చినను మన మెంతయో విచారింతుము. బియ్యము గుప్పిట పట్టి చూతుము. కందిపప్పు పంట కొఱికి చూతుము. బిందెను వ్రేలితో మీటి నాదము విందుము. కాని నీటిని వడపోయు యంత్రమును మాత్రము వేలకొలది రూపాయలు వెచ్చించి, అమ్మవచ్చినవాని మాటపైననే కొనుచున్నాము. అందుచే ఈ నెల మా బంధువుల యిండ్లు మూడింటి ముచ్చట మీకు చెప్పదలచితిమి. అందొకటి తెనాలిలో, ఒకటి బాపట్లలో, ఒకటి రేపల్లెలో నున్నవి. తెల్లవాఱగనే బయలుదేఱినచో మూడూళ్లును చూచుకొని దీపాలవేళకు ఇల్లు చేరవచ్చును. అయినను మూడిండ్ల నీరును మూడు విధములు. ఒక యింటికి మేలైన యంత్రము రెండవ యింటికి దండుగ. మూడవ యింటికి ప్రాణాధారము.

మొదట తెనాలి మాట. ఆ యూరి నడుమ కృష్ణకాలువలు మూడు పాఱుచున్నవి. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట ముగిసినప్పటినుండియు, 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసిన పిదపను, ఆ సీమ నమ్ముకొన్నది కృష్ణమ్మనే. కాలువనీటిని నిలువజేసి, వడియగట్టి, క్లోరిన్ కలిపి కుళాయిలకు వదలుదురు. మా వదినెగారి యింట వాడునది ఆ నీరే.

నిరుడొకనాడు యంత్రముల నమ్మువాడొకడు వారి యింటికి వచ్చెను. ఒక గాజుగ్లాసులో కుళాయినీటిని, రెండవదానిలో తన యంత్రపు నీటిని పోసి, రెంటిలోను ఇనుప కడ్డీలు ముంచి విద్యుత్తు పంపెను. రెండు నిమిషములలో కుళాయినీరు గోధుమవన్నెకు దిగి తెట్టె కట్టెను. యంత్రపు నీరు తేటగానే నిలిచెను. “అమ్మా, ఇన్నాళ్లును మీ పిల్లలకు పోయుచున్నది ఇదియే” యని యాతడనగా మా వదినెగారి గుండె జల్లుమనెను. ఆ సాయంకాలమే పదునాఱు వేల రూపాయల ఆర్.ఓ. యంత్రము గోడ కెక్కెను.

ఆ గోధుమవన్నె నీటిలోని మాలిన్యము కాదు. లవణములు కరగియున్న నీటిలో విద్యుత్తు ప్రవహించును. అట్లు ప్రవహించునపుడు కడ్డీలోని యినుమే కరగి త్రుప్పై నీటిలో కలియును. ఆర్.ఓ. నీటిలో లవణములు మిక్కిలి తక్కువ. కావున విద్యుత్తు సాగలేదు, కడ్డీ కరగలేదు. ఆ తేటనీటిలో చిటికెడు ఉప్పు వేసి మరల కడ్డీలు ముంచినచో, అదియును అట్లే రంగు మాఱును. మీ యింట నెవరైన నీ పరీక్ష చేయబూనినచో ఉప్పుజాడీ చేత బట్టుకొని కూర్చుండుడు.

నీటిలో కరగిన లవణముల మొత్తమును టీ.డీ.ఎస్. అని వాడుచున్నారు. మన దేశపు త్రాగునీటి ప్రమాణమగు ఐ.ఎస్. 10500, 2012 నాటి సవరణ ప్రకారము, ఇది లీటరునకు 500 మిల్లీగ్రాములకు మించకుండుట మేలు. వేఱు నీరు దొరకనిచోట 2000 వఱకు ఒప్పుకొందురు. మేము కలమువంటి చిన్న మీటరును మా వదినెగారి కుళాయినీటిలో ముంచగా 320 చూపెను. అట్టి నీటికి ఆర్.ఓ. అక్కఱలేదు. 500 లోపు నీటికి ఆ యంత్రమును వాడకుండ నిషేధింపవలెనని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలు ప్రభుత్వము నాదేశించెను. ఏలయన, ఇండ్లలోని ఆర్.ఓ. లీటరు మంచినీరిచ్చుటకు తఱచు రెండు మూడు లీటరులు తూముపాలు చేయును. ఒంటికి పనికివచ్చు కాల్షియము, మెగ్నీషియము కూడ ఆ నీటితోనే పోవును.

అట్లైనచో కుళాయినీటి నున్నదున్నట్లు త్రాగవచ్చునా? మేమట్లనము. ఊరి వడపోత చిన్నది కాదు. 1892లో జర్మనీదేశమున ఎల్బెనది యొడ్డున హాంబుర్గు నగరమును, దానికి దిగువనే ఆల్టోనాయు నుండెను. ఆల్టోనావారు నదినీటిని ఇసుకలో వడియగట్టి త్రాగిరి, హాంబుర్గువారు వడియగట్టలేదు. ఆ యేడు కలరా సోకి హాంబుర్గులో 8,000 మందికి పైగా మరణించిరి. ప్రక్కనే యున్న ఆల్టోనా చాలవఱకు బ్రదికిపోయెను. కాని వడియగట్టిన నీరును గొట్టముల వెంట మన యింటికి రావలెను గదా! గొట్టము పగిలినచోట, అది మురుగులో మునిగినచోట, నీరు వదలని వేళలో ఆ మురుగు లోనికి చేరును. 2018 మార్చిలో గుంటూరు నగరమున అతిసారము వ్యాపించి పలువురు చనిపోయిన సంగతి మన జిల్లాలవారు మఱువలేదు. కావున తెనాలియింటికి భయము ఉప్పువలన గాదు, దారిలో కలియు క్రిములవలన. దానికి బొగ్గు వడపోతతో గూడిన యూ.వీ. యంత్రము చాలును. బొగ్గు వాసనను పీల్చును, యూ.వీ. కిరణము క్రిములను నిర్జీవములను జేయును. అయితే నీరు తేటగా నున్నప్పుడే ఆ కిరణము లోపలికి పాఱును. నీరు బురదయైనచో క్రిములు మంటిరేణువుల చాటున దాగికొనును.

ఇక బాపట్ల. అక్కడ మా చెల్లెలి కాపురము. ఊరిచుట్టును ఇసుకనేల. సముద్రపు దాపున ఇసుకలో, లోతున నున్న ఉప్పునీటిపై వాననీరు పలుచని పొరయై తేలియుండును. మన పెద్దలు ఆ మర్మమెఱిగియే లోతుగా త్రవ్వక, వెడల్పైన దొరువులు త్రవ్వి పై నీటిని మెల్లగా తోడుకొనిరి. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధనకేంద్రమువారు ఈ దొరువుల పద్ధతినే మెఱుగుపఱచి రైతులకందించిరి. పెద్ద మోటారు పెట్టి ఆత్రముగా తోడినచో అడుగు ఉప్పునీరు పైకి వచ్చును.

మా చెల్లెలి యింటి బోరు ఇరువదియడుగుల లోతుది. మీటరు ముంచగా 280 చూపెను. “తెనాలి నీటికంటె మన నీరే మేలు” అని మా మఱదిగారు మురిసి, ఉన్న వడపోతను కూడ తీసివేయించిరి. వానకాలమున వారి యేడేండ్ల పిల్లవానికి కామెర్లు వచ్చెను. మూడు వారములు మంచమునుండి లేవలేదు. నెయ్యి వద్దు, నూనె వద్దు అని పథ్యములు పెట్టుచు, ఇంట నందఱును వాని కన్నులు చూచుటయే పనిగా గడపిరి. నీటివలన సోకు కామెర్లని వైద్యుడు నిర్ణయించెను. మేము చూడబోయి పెరటిలోనికి వెళ్లగా, మరుగుదొడ్డి గోతికిని బోరునకును నడుమ పండ్రెండడుగులు మాత్రమే యున్నవి. గోతినీటిని ఇసుక సుళువుగా జాఱవిడుచును. ఇంత దాపున నున్నచో బోరునకు చేరుట కెన్నినాళ్లు పట్టును?

సోదరీమణులారా, మీటరు అబద్ధమాడలేదు. అది లవణములను కొలుచునేగాని క్రిములను చూడజాలదు. మిక్కిలి తక్కువ అంకె చూపిన నీటిలోను రోగబీజము లుండవచ్చును. ఆ కామెర్ల వైరసు ఎంత సూక్ష్మమనగా, సామాన్యమైన క్యాండిల్ ఫిల్టరు రంధ్రములగుండ తలవంచకయే దూరిపోవును. అట్టి యింట మొదటి చికిత్స యంత్రము కాదు. గోతిని దూరమునకు తరలించుట. అది జరుగులోపల నీటిని బుడగలు తెర్లునట్లు ఒక నిమిషమైనను కాచి, మూతవేసి చల్లార్చి వాడవలెను. కాచుటకు వీలుపడని యింట యూ.వీ. యంత్రము పెట్టుకొనవచ్చును. ఇంకొక హెచ్చరిక. గోతి దాపున నున్న బోరులో నైట్రేటు కూడ చేరవచ్చును. లీటరునకు 45 మిల్లీగ్రాములు దాటినచో పసిబిడ్డల కపాయము. కాచినందువలన నది పోదు సరికదా, నీరు ఇగిరినకొలది చిక్కబడును. ఇట్టి బోరునీటిని ప్రయోగశాలలో పరీక్షింపించుట యవసరము.

మూడవది రేపల్లె. ఒకప్రక్క కృష్ణ, ఒకప్రక్క సముద్రము. నేల త్రవ్వినచో పెక్కుచోట్ల ఉప్పునీరే. కాలువలు కట్టివేయు ఎండకాలమున చెఱువులో నిలిపిన నీరే దిక్కు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనకు సముద్రము పైబడి, ఎదుట నీరుండియు గ్రుక్కెడు త్రాగనోచక జనులు పడిన పాట్లను మా పినతల్లిగారు నేటికిని చెప్పుచుందురు.

ఆమె బిందెను మీరు చూడవలెను. మట్టికాగు లోపల చిల్లగింజ అరగదీసి, చెఱువునీరు పోసి, మన్ను పేరుకొన్న పిదప పైతేటను పాతచీర మడతలలో వడియగట్టుదురు. దానిని చూచి నవ్వు కుఱ్ఱకారునకు మేమొక మాట చెప్పుదుము. బంగ్లాదేశమున పల్లెస్త్రీలు పాతచీరను పెక్కు మడతలు పెట్టి నీరు వడియగట్టగా కలరా సుమారు సగము తగ్గెనని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కలరా క్రిములు అంటిపెట్టుకొనియుండు సూక్ష్మజీవులు ఆ మడతలలో చిక్కుకొనును. క్రొత్తబట్టకంటె, ఉతికి ఉతికి నూగు లేచిన పాతబట్టయే ఇందుకు మేలు. అయినను ఇది సగము రక్షణయే.

పినతల్లిగారికి రక్తపుపోటు గలదు. ఉప్పు తగ్గింపుమని వైద్యుడు చెప్పగా ఆమె ఊరగాయ మానిరి, కూరలో ఉప్పు మానిరి. పోటు మాత్రము దిగలేదు. వైశాఖమాసమున చెఱువు అడుగంటగా ఇంటి బోరునీరే త్రాగుచుండిరి. మీటరు ముంచితిమి: 1,900. కూరలోని ఉప్పును మానిన మా పినతల్లిగారు బిందెలోని ఉప్పును మఱచిరి! చిల్లగింజ ఉప్పును తీయదు, పటిక తీయదు, బట్ట తీయదు, క్యాండిల్ తీయదు, యూ.వీ. తీయదు. కాచినచో ఉప్పు మఱింత చిక్కనగును. ఆ యింటికి ఆర్.ఓ. యే తగినది. దాని పొర రంధ్రములు మిక్కిలి సన్ననివి. మోటారు బలముతో త్రోయగా నీరు దాటును, ఉప్పు ఈవల నిలిచిపోవును.

అప్పుడు మాకొక యాలోచన తోచెను. తెనాలి గోడపైనున్న యంత్రము రేపల్లెకు వెళ్లవలసినది గదా! మా వదినెగారు సంతోషముతో నొప్పుకొనిరి. పదునైదు దినములలో ఆ యంత్రము రైలెక్కి రేపల్లె చేరెను. తెనాలిలో దానికంటె చౌకైన యూ.వీ. యంత్రము అమరెను. “ఈ నీటికి రుచి లేదే” యని పినతల్లిగారు పదిదినములు సణిగిరి. అటుపిమ్మట ఊరినుండి వచ్చినవారికెల్ల తామే ముంత నింపి యిచ్చుచున్నారు. యంత్రము విడిచిన ఉప్పునీటిని నేల కడుగుటకు, మరుగుదొడ్డికి వాడుచున్నారు. మొదట కరివేపమొక్కకు పోసిరి. ఆకు మాడగా మానిరి.

కొనువారు కొన్ని సంగతులు ముందుగా నడుగవలెను. వెల యొకనాటిది, పోషణ యేటేటిది. వడపోత గొట్టములు, ఆర్.ఓ. పొర, యూ.వీ. దీపము ఎన్నినెలల కొకసారి మార్చవలెనో, ఏడాదికేమి వ్యయమో వ్రాయించుకొనుడు. మార్చని వడపోత క్రిములకు పుట్టిల్లు. ఆర్.ఓ. కొనువారు ఐ.ఎస్. 16240 గుర్తు గలదేమో చూడుడు. క్యాండిల్ వాడువారు దానిని సబ్బు తగులనీయక మెత్తని కుంచెతో తోమి, బీట కనబడిననాడే మార్చుడు. ఇరువది లీటరుల డబ్బానీరు కొనువారు, ఆ డబ్బాను ఎట్లు కడుగుచున్నారో ఒకసారి స్వయముగా వెళ్లి చూడుడు. ఏ నీరైనను బిందెలో చేయి ముంచక, కాడగల గరిటెతో తీయుడు. లోపలికి పోయిన చేయి వేల రూపాయల యంత్రమును వమ్ము చేయును.

పరీక్షకు దారి లేదని దిగులుపడవలదు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ పథకమున ఊరూరను అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని యేర్పాటు గలదు. మీ యూర నెవరు నేర్చిరో పంచాయతీలో విచారింపుడు. ఎవరును లేనిచో, మీరే యేల నేర్చుకొనరాదు?

ముందు నీటి నెఱుగుడు, పిమ్మట యంత్రమును వెదకుడు. బాపట్ల పిల్లవాడిప్పుడు బడికి పోవుచున్నాడు. మెడలో నీళ్లసీసా వ్రేలాడవేసికొని, “ఇది కాచిన నీరు, అమ్మ కాచినది” అని తోడిపిల్లలకు చెప్పుచున్నాడట. వాని తల్లి మాత్రము నాటినుండి ఏ అంకెను చూచియు మురియుట మానినది.