ఇన్‌స్టాలర్ ఆగి అడిగితే విసుక్కోకండి

ల్యాబ్‌లో ఇరవై కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించాలంటే ప్రతిదాని ముందూ కూర్చోలేం. అందుకే డెబియన్‌లో ‘ప్రీసీడ్’ ఫైలు ఉంది. భాష, కీబోర్డు, పాస్‌వర్డు వంటి ప్రశ్నలకు జవాబులు ముందే రాసిపెడితే ఇన్‌స్టాలర్ తన పని తాను చేసుకుపోతుంది. డిస్కు దగ్గర మాత్రం తరచూ ఆగిపోతుంది.

ఆగడానికి కారణాలున్నాయి. రెండు డిస్కులుంటే ఏది వాడాలో మనమే చెప్పాలి. ‘ఎస్‌డీఏ’ అని రాస్తే చాలదు. ఎన్‌వీఎంఈ డిస్కుకు ఆ పేరు ఉండదు, ఒక్కోసారి మనం పెట్టిన పెన్‌డ్రైవే ఆ పేరు తెచ్చుకుంటుంది. బయోస్‌లో రైడ్ మోడ్ ఉంటే కొన్ని ల్యాప్‌టాప్‌లలో అసలు డిస్కే కనబడదు. పాత ఎల్‌వీఎం ఆనవాళ్లుంటే ఇన్‌స్టాలర్ హెచ్చరిస్తుంది.

విసుగెత్తి చాలామంది అన్ని హెచ్చరికలకూ ‘అవును’ అని ఫైల్లో రాసేస్తారు. అది సమస్యను తీర్చడం కాదు, నోరు మూయించడం. పాస్‌వర్డు తప్పితే మార్చుకోవచ్చు. తప్పు డిస్కు చెరిగితే, బ్యాకప్ లేనివారి ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు తిరిగి రావడం కష్టం.

టెక్స్ట్ తెరలో ఆల్ట్‌తో ఎఫ్4 నొక్కితే లాగ్, ఎఫ్2 నొక్కితే షెల్ వస్తాయి. ముందు అక్కడ డిస్కులు, వాటి పరిమాణాలు చూడండి. విభజనకు ముందు నడిచే ఆదేశం రాసుకునే వీలు ప్రీసీడ్‌లోనే ఉంది. సరైన డిస్కును దానితో ఎంపిక చేయించండి. కొత్త యంత్రాలైతే చివరి ‘అవును’ కూడా ఫైలుకే వదిలేయవచ్చు. ఎవరైనా వాడిన యంత్రమైతే ఆ ఒక్క జవాబూ మనిషే చెప్పాలి.