మేం చదివితే అనుమానం, వాళ్లు చదివితే పరిశోధనా?



మొన్న మా కాలేజీలో వివాదాస్పద సాహిత్యం మీద సెమినార్ జరిగింది. ఏజెన్సీ నుంచి వచ్చి చదువుకుంటున్న మేం ఐదుగురం వెనక బెంచీలో కూర్చున్నాం. రాత్రి హాస్టల్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఇవి.

పొద్దున్న 'మాలపల్లి' గురించి చెప్పారు. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి నవల అది. అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు తెలుగు ఎం.ఏ. పిల్లలు పాఠంగా చదువుతున్నారు. నిషేధించిన ప్రభుత్వం పోయింది, పుస్తకం మిగిలింది.

మధ్యాహ్నం శ్రీకాకుళ ఉద్యమ సాహిత్యం వంతు. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ మీద పేపర్ రాస్తానని మాలో ఒకడు ముందే అడిగాడు. "నీకెందుకురా ఆ గొడవ, వేరే టాపిక్ చూసుకో" అన్నారు. బయటి నుంచి వచ్చిన వక్త అదే విషయం మాట్లాడితే చప్పట్లు కొట్టారు. కొండ మీద పిల్లలం చదివితే మాత్రం అనుమానమా? పుస్తకం చదివినంత మాత్రాన తుపాకీ పట్టినట్టేనా?

ఇంకో సంగతి మరీ బాధపెట్టింది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న మనవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఉద్యమం మలుపు తిరిగింది అక్కడే. సాయంత్రం దాకా కవుల పేర్లు, పత్రికల పేర్లు ఎన్నో వినపడ్డాయి. ఈ రెండు పేర్లు ఒక్కరూ ఎత్తలేదు. సవరలు, జాతాపులు విల్లు పట్టుకున్న బొమ్మల్లా వచ్చి వెళ్లిపోయారు.

మన కోసం రాసినవాళ్లను తక్కువ చెయ్యడం లేదు. పాణిగ్రాహి 1969లో ప్రాణమే పోగొట్టుకున్నారు. కానీ మన కథ ఎప్పుడూ ఇంకొకరే చెప్పాలా?

వాడుక భాషలో రాయడమే ఒకప్పుడు పెద్ద వివాదం. దాని కోసం నిలబడిన గిడుగు రామమూర్తి గారే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాష మీద ఆయన రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. ఇన్నేళ్లయినా మా లైబ్రరీలో సవరలో ఒక్క కథల పుస్తకం లేదు. మన మన్యం నుంచి మల్లిపురం జగదీశ్ గారు 'శిలకోల' కథలు రాసి దారి చూపించారు. ఆ దారిలో మనం ఎంతమంది నడుస్తున్నాం?

అందుకే ఒక మాట అనుకున్నాం. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు ఒక్కో తాతనో, అవ్వనో కూర్చోబెట్టి ఆ రోజుల సంగతులు అడుగుదాం. ఫోన్లో రికార్డు చేద్దాం. వాళ్లు ఉద్యమాన్ని మెచ్చుకున్నా, తిట్టినా ఉన్నదున్నట్టు రాద్దాం. దాని మీద వివాదం వస్తే రానీ. ఆ వివాదంలో మాట్లాడేది మాత్రం ఈసారి మనమే.

మీ ఊళ్లో ముసలోళ్లు ఏటి చెప్తన్నారు?