మా అర్రలో మందు వాసన

కిందటి సెలవులకు డోర్నకల్ దగ్గరి మా ఊరికి పోయినప్పుడు అమ్మతో పేచీ పడ్డాను. మిరపతోటకు కొట్టే మందు డబ్బాలు, పంపు, నాయిన మందు కొట్టేటప్పుడు వేసుకునే చొక్కా, అన్నీ చెల్లె పడుకునే అర్రలోనే ఉన్నాయి. "డబ్బాలకు మూతలున్నయి గద, కిటికీ తెరిస్తే వాసన పోతది" అన్నది అమ్మ. తెరిచాము. పోయింది. రాత్రి తలుపులు వేసుకున్నాక మళ్ళీ వచ్చింది!

రసాయనశాస్త్రం చదివే నాకే వెంటనే జవాబు తట్టలేదు. మనం పరీక్షల కోసం బట్టీపట్టిన అధిశోషణమే గదా అది! గాలిలోని ఆవిరి గోడ సున్నానికి, దూది పరుపుకు, బొంతకు, గోనె బస్తాకు అంటుకుంటుంది. కొంత లోపలికీ ఇంకుతుంది. గాలి శుభ్రపడగానే మెల్లగా బయటికొస్తుంది, ఎండలు ముదిరితే మరీ త్వరగా. బీరువాలో కలరా ఉండ హరించిపోయాక కూడా పట్టుచీర వాసన కొట్టడం ఎవరెరుగరు? 2018లో అమెరికాలోని ఆస్టిన్‌లో శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగపు ఇంట్లో కిటికీలు తెరిచి, మళ్ళీ మూసి చూశారు. చాలా రసాయనాలు కొద్దిసేపట్లోనే మునుపటి స్థాయికి వచ్చాయి. గాలిలో కన్నా ఇంటి ఉపరితలాల్లో దాగినదే ఎక్కువని తేలింది.

ఆ మాటకొస్తే ఈ గుణం మన సర్కారుకు ఎప్పుడో తెలుసు. 1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ పథకంలో ఇంటి గోడలకు డి.డి.టి. కొట్టించింది దేనికి? గోడ ఆ మందును నెలల తరబడి పట్టి ఉంచుతుందనే. దోమ కోసం దాచిన గోడ మనిషిని చూసి మొహమాటపడుతుందా?

వాసన పోతే మందు పోయిందనుకోవడం ఇంకో పొరపాటు. చాలా మందుల్లో ఆ ఘాటు ద్రావణిది. అది ముందు ఎగిరిపోతుంది, అసలు మందు బట్టలో, దుమ్ములో మిగులుతుంది. చేనులో ఎండ, వాన, సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. అర్రలో ఆ ముగ్గురి పని సాగదు.

నాయినను తప్పుపట్టలేను. అప్పు తెచ్చి కొన్న మందు, కొట్టంలో పెడితే ఎవరన్నా ఎత్తుకపోతారని ఆయన భయం. మందు అమ్మేవారు ఎకరానికి ఎంతో చెబుతారు గాని, ఇంట్లో ఎక్కడ పెట్టాలో మాకు ఒక్కనాడూ చెప్పలేదు. ఇక్కడే మన విద్యార్థి సంఘానికి పని ఉన్నదని నా అభిప్రాయం. ఎన్.ఎస్.ఎస్. శిబిరాల్లో మొక్కలు నాటుతాం, మంచిదే. ఊరికి పది ఇళ్ళలోనన్నా పడక అర్రలోంచి డబ్బాలు బయటికి తీయించి, మందు చొక్కాను విడిగా ఉతకమని చెప్పలేమా?

మా ఇంట్లో మూడు రోజుల వాదన తర్వాత నాయిన పాత ట్రంకుపెట్టెకు తాళం వేసి డబ్బాలను కొట్టంలోకి మార్చాడు. చెల్లె పరుపు మాత్రం ఇంకా వాసన కొడుతూనే ఉన్నది. కొత్త దూది పెట్టించడం మిరపకాయ అమ్మినంక చూద్దామన్నాడు.