పాత ముఖం సరే, పాత మూగతనం వద్దు

కొత్త కంప్యూటర్‌కి తొంభైల నాటి ముఖం పెట్టుకోవడం మన ఈడు వాళ్లలో కొందరికి ఒక సరదా. బూడిద రంగు కిటికీలు, ఉబ్బెత్తు బటన్లు, వెనకాల నెమలికంఠం లాంటి ఒకే రంగు. "మనం పుట్టకముందు సంగతి, మనకెందుకే ఈ బెంగ?" అని నవ్వేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం ఆ సరదా మంచిదే అంటాను, ఒక్క షరతు మీద.

మంచిదెందుకో ముందు చెప్తాను. విండోస్ 95 వచ్చింది 1995 ఆగస్టు 24న. స్టార్ట్ బటన్, టాస్క్‌బార్ విండోస్‌లోకి దానితోనే వచ్చాయి. అప్పట్లో చాలామందికి కంప్యూటరే కొత్త. అందులో బటన్ బటన్‌లాగే కనిపిస్తుంది. పైనా ఎడమా అంచులు తెల్లగా, కిందా కుడీ నల్లగా ఉంటాయి. నొక్కితే లోపలికి దిగినట్టే ఉంటుంది. ఏది నొక్కాలో ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పటి తెర మీద అన్నీ చదునే. ఏది ఉత్త రాతో, ఏది బటనో తెలియక మా అమ్మమ్మ ఫోన్‌లో వెతుక్కుంటూ ఉంటుంది. ఆ తప్పు ఆవిడది కాదు.

ఈ వేషం వేయడం పెద్ద పనేం కాదు. లినక్స్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కి 'షికాగో 95' అనే థీమ్ ఉచితంగా దొరుకుతుంది. విండోస్ 95 తయారీలో ఉన్నప్పుడు దాని మారుపేరు షికాగో. ఐకాన్లు, కిటికీలు, బటన్లు అన్నీ పాతబడతాయి, లోపలి యంత్రం మాత్రం ఇప్పటిదే.

ఇక షరతు. ఆనాటి విండోస్‌కి తెలుగు రాదు. యూనికోడ్‌లో మన అక్షరాలకి 1991లోనే చోటిచ్చారు, కానీ అది తెర మీదికి రావడానికి ఏళ్లు పట్టింది. అందాకా ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లే గతి. అవతలి కంప్యూటర్‌లో అదే ఫాంట్ లేకపోతే రాసిందంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలై కనిపించేది. తమిళానికి విండోస్ 2000లో చోటు దొరికింది. తెలుగు 2001లో ఎక్స్‌పీ వచ్చి, గౌతమి ఫాంట్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

అందుకే, అచ్చం అప్పటిలా ఉండాలని ఫైళ్ల పేర్లు కూడా ఇంగ్లీషులోకి మార్చేస్తే నేను ఒప్పుకోను. ఆనాటి చిన్న అక్షరాల కొలతలో మన వత్తులూ గుడులూ ఇరుకున పడతాయి, ఫాంట్ సైజు కాస్త పెంచండి. "అప్పటిలా లేదే" అని ఎవరైనా అంటే అననివ్వండి.

చెన్నైలో బస్సు మీదా, అంగడి బోర్డు మీదా తెలుగు కనపడడం అరుదు. మా ఇంట్లోలాగే మీలో చాలామంది ఇళ్లలోనూ తమిళం, తెలుగు కలిసే నడుస్తాయి, తెలుగు రాసేది మాత్రం ఈ డిపార్ట్‌మెంట్‌లోనే. ఏ భాష కనపడాలో మనమే తేల్చుకోగలిగిన చోటు మన కంప్యూటర్ తెర. దానికి ఏ కాలం వేషమైనా వేయండి. ఈ వారం ఒక్క ఫోల్డర్‌కైనా తెలుగులో పేరు పెట్టండి.